వేట నిషేధంలో వంజరం

"దిబ్బరొట్టెలోకి చెరుకుపానకం ఉందా?"

"పానకం నిన్నటితో అయిపోయిందండి. అల్లం పచ్చడితో సర్దుకోండి."

తెనాలి స్టేషన్ దగ్గరి టిఫిన్ హోటల్లో, మూలబల్ల ముందు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు ఈ మాటలు అనుకున్నారు. అడిగినవాడు చీఫ్ రంగనాయకులు. జవాబు చెప్పినవాడు ఏజెంట్ బ్రహ్మాజీ. పన్నెండేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూస్తున్నవాళ్ళకి కోడ్ వర్డ్ దేనికని అడిగితే రంగనాయకులుకి కోపం వస్తుంది. డిపార్ట్‌మెంటంటే డిపార్ట్‌మెంటే మరి.

బ్రహ్మాజీది పక్కనే ఉన్న అంగలకుదురు. ఇవాళ అతని వేషం చీరల వ్యాపారి. చీఫ్ వేషం ఏమిటో చీఫ్‌కే తెలియాలి. మే నెల ఎండలో కోటు వేసుకొచ్చాడు.

"కోరల్ అనే విదేశీ ముఠా పేరు విన్నావుగా," చీఫ్ గొంతు తగ్గించాడు. "వాళ్ళ టార్గెట్ బాపట్లలో ఉన్నాడు. బర్నబాస్, రిటైర్డ్ రాడార్ ఇంజనీర్. మన తీరం రాడార్లకి ఎక్కడెక్కడ చూపు ఆనదో ఆయన తలకాయలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ తలకాయ వాళ్ళకి కావాలి."

"ఎప్పుడు?"

"ఇవాళే. నిజాంపట్నం హార్బర్ నుంచి సాయంత్రం బ్లూ లాంటర్న్ అనే క్రూయిజ్ షిప్ బయల్దేరుతోంది. భార్యాభర్తలిద్దరికీ లక్కీ డ్రాలో టికెట్లు వచ్చాయి."

"ఆ డ్రా తీసింది కోరల్ అన్నమాట."

"ప్లాన్ వినవోయ్. మొదటి రాత్రి షిప్‌లో భోజనం ఉండదు, ప్యాసింజర్లు ఒడ్డునే తిని ఎక్కాలి. ఆ భోజనంలో మందు కలుపుతారు. ఓడ ఎక్కాక ఆయనకి వాంతులు, తలతిరుగుడు. పాపం పెద్దాయనకి సముద్రం పడలేదంటారు. అంబులెన్స్ బోటని ఒకటి వస్తుంది. దాంట్లో ఎక్కించాక బర్నబాస్ మళ్ళీ ఈ దేశంలో కనపడడు."

"క్రూయిజ్‌కి వెళ్ళొద్దని ఆయనకి చెప్పొచ్చుగా."

చీఫ్ మొహం మాడింది. "చెప్పాం. కారణం చెప్పలేం కదా. ఆయన ఏమన్నాడో తెలుసా? 'ముప్పై అయిదేళ్ళు సముద్రాన్ని స్క్రీన్ మీద చూశాను. మా ఆవిడని ఒక్కసారైనా ఓడ ఎక్కిస్తానని మాటిచ్చాను. మీరెవరండీ ఆపడానికి?' అన్నాడు. పైగా పొద్దున్నే క్రూయిజ్‌వాళ్ళు కారు పంపి ఇద్దర్నీ ఎక్కించుకున్నారు. డిజిటల్ డీటాక్స్ ప్యాకేజీ అట, ఫోన్లు కూడా తీసేసుకున్నారు. షిప్ విదేశీ రిజిస్ట్రేషన్. సాక్ష్యం లేకుండా ఆపలేం. కాబట్టి తేలాల్సింది ఒక్కటే. ఓడ ఎక్కేముందు వాళ్ళు ఎక్కడ తింటారు?"

బ్రహ్మాజీకి బర్నబాస్ అనే ఆ పెద్దమనిషి చూడకుండానే నచ్చేశాడు. అలాంటివాణ్ణి సముద్రం పాలు కానిస్తే తన ఉద్యోగం ఎందుకూ కొరగాదనుకున్నాడు.

"ఎక్కడో మాకు తెలిసింది," చీఫ్ అన్నాడు. "బాపట్ల, సూర్యలంక బీచ్ రిసార్ట్. బర్నబాస్ పేరు మీద టేబుల్ బుక్ అయింది. మన టీం అక్కడ దిగింది. నీ పని వేరే. మనీషాని పట్టుకోవడం. ఎదురు తిరిగితే షూట్ చెయ్."

బ్రహ్మాజీ చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది.

మనీషాని ఈ పనిలోకి తెచ్చింది అతనే. నిజాంపట్నం పిల్ల. వెలుగు పడితే కళ్ళు తిప్పుకోలేని అందం, అంతకు రెండింతల పొగరు. ఇవాళ లక్షలమంది చూసే ఫుడ్ వ్లాగర్. రెండేళ్ళ కింద డిపార్ట్‌మెంటే ఆమెని కోరల్ లోపలికి పంపింది. నాలుగు నెలలుగా ఆమె నుంచి కబురు లేదు.

"అమ్ముడుపోయింది," అన్నాడు చీఫ్. "చూడు, నిన్న పెట్టిన వీడియో." ఫోన్ ముందుకి తోశాడు.

తెర మీద మనీషా నవ్వింది. 'హాయ్ ఫ్రెండ్స్, క్రూయిజ్ ఎక్కేముందు ఎక్కడ తినాలి? పొద్దున్నే తెనాలిలో టిఫిన్. మధ్యాహ్నం బాపట్ల బీచ్ రిసార్ట్‌లో, అబ్బా, ఆ గాలికే సగం కడుపు నిండుద్ది. టైముంటే రేపల్లెలో ముత్యాల ఫ్యామిలీ రెస్టారెంట్. అక్కడ ఇవాళ పొద్దున్నే సముద్రంలో పట్టిన వంజరం ఉంది. నా కళ్ళతో చూశాను.'

బ్రహ్మాజీ వీడియో ఆపి కింద కామెంట్లు చదివాడు. ఊరంతా ఆమెని ఏకి పారేస్తోంది. 'వేట నిషేధంలో వంజరం ఎక్కడిదమ్మా?' 'ఫ్రిజ్‌లో పట్టారేమో అక్కా.' 'నిజాంపట్నం పరువు తీశావు.'

"సార్, ఇది తప్పు," అన్నాడు.

"ఏది?"

"ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలం. మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. తెరచాప పడవలు ఒడ్డమ్మట తిరిగి చిన్నాచితకా తెస్తాయి గానీ వంజరం దొరకాలంటే లోపలికి పోవాలి. ఇప్పుడు రేపల్లెలో దొరికేవి చెరువు రొయ్యలు, పీతలు, కొరమీను. ఈ సంగతి ఇక్కడ బడిపిల్లలకి తెలుసు. వేటకెళ్ళే ఇంట్లో పుట్టిన మనీషాకి తెలీదా? కావాలని తప్పు చెప్పింది. మనల్ని రేపల్లె పిలుస్తోంది."

"వ్లాగర్లు నిన్నటి ఇడ్లీని కూడా ఫ్రెష్ అంటారయ్యా. నువ్వు బాపట్ల వెళ్ళు." చీఫ్ కోటు జేబులోంచి ఒక స్టీలు చెంచా తీశాడు. "ఢిల్లీ ల్యాబ్ కొత్త గ్యాడ్జెట్. విషం తగిలితే నీలంగా మారుతుంది."

బ్రహ్మాజీ చెంచాని అల్లం పచ్చడిలో ముంచాడు. చెంచా నీలంగా మారింది.

చీఫ్ చేతిలోని రొట్టెని ప్లేటులో పెట్టేశాడు.

"చింతపండు సార్," అన్నాడు బ్రహ్మాజీ. "పులుపు తగిలితే చాలు, రంగు మారుతోంది. మన జిల్లాలో దీనికి విషం కానిది దొరకదు."

*

సూర్యలంక బీచ్ రిసార్ట్ ముందు కొబ్బరిబోండాల బండ్లు మామూలుగా రెండు ఉంటాయి. ఆ మధ్యాహ్నం అయిదున్నాయి. కొత్తగా వచ్చిన మూడింటిలోనూ మనవాళ్ళే. కత్తి పట్టుకున్న తీరు చూస్తే బోండాం కొడతారో వేలు కొట్టుకుంటారో తెలియకుండా ఉంది. లోపల వెయిటర్లలో సగంమంది కమాండోలు. 'మిస్టర్ అండ్ మిసెస్ బర్నబాస్' అని బోర్డు పెట్టిన టేబుల్ మాత్రం ఖాళీగా ఉంది.

భోజనాలవేళ దాటింది. ఎవరూ రాలేదు.

రోడ్డు పక్కన గొడుగు కింద ఒకావిడ ఎండుచేపలు అమ్ముతోంది. బ్రహ్మాజీ ఆవిడని గుర్తుపట్టి ఆగిపోయాడు. మనీషా తల్లి పుల్లమ్మ. ఆవిడ అతనికంటే ముందే అతన్ని గుర్తుపట్టింది.

"ఏంటయ్యా, ఇప్పుడు గుర్తొచ్చామా? గవర్నమెంటు ఉద్యోగమని నా పిల్లని తీసుకుపోయావు. నాలుగు నెలలైంది దాని గొంతు విని. ఫోన్లో ఊరందరికీ కబుర్లు చెప్తది, కన్నతల్లికి మాత్రం చెప్పదు."

"పిన్నీ, నిన్నటి వీడియో చూశావా?"

"చూడకేం. పొద్దుట్నించి అడ్డమైనవాళ్ళూ వచ్చి నవ్విపోతున్నారు. వేటకెళ్ళే ఇంట్లో పుట్టి నిషేధం మర్చిపోయిందా నీ కూతురు అని." పుల్లమ్మ చేతిలో ఎండు మాగచేపని తట్టలోకి విసిరింది. "నా కూతురిది పొగరు. అది నాకూ తెలుసు. కానీ అబద్ధాలకోరు కాదు. కళ్ళతో చూశానంది కదా? చూసే ఉంటది. వంజరం ఉందంటే ఉంది. మా మగాళ్ళు ఒడ్డున కూర్చుని వలలు కుట్టుకుంటుంటే ఎవడో దొంగవెధవ బోటేసుకుని లోపలికి పోతున్నాడు. పోయి వాణ్ణి పట్టుకో. నా ముందు నిలబడతావేంటి?"

బ్రహ్మాజీ నిజంగానే నిలబడిపోయాడు. తెనాలిలో తను అనుకున్నది సగమే. మనీషా తప్పు చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. వేట నిషేధంలో తాజా వంజరం ఉందంటే, ఏదో మరబోటు రోజూ నడిసముద్రంలోకి వెళ్ళి వస్తున్నట్టు. బర్నబాస్‌ని తీసుకుపోయే బోటు అదే. ఊరంతా వినేలా ఆమె నిజం చెబితే ఊరంతా నవ్వింది, డిపార్ట్‌మెంటు ఆమెని ద్రోహి అంది. నమ్మింది తల్లి ఒక్కతే. అతనికి సిగ్గేసింది.

చీఫ్‌కి ఫోన్ చేశాడు. "సార్, బాపట్ల టేబుల్ ఉత్త ఎర. నేను రేపల్లె వెళ్తున్నాను."

"అక్కడే ఉండు. ఇది ఆర్డర్."

"వినపడింది సార్. పాటించను."

"ఉద్యోగం పోతుంది."

"పోతే మా ఊళ్ళో దిబ్బరొట్టెల కొట్టు పెట్టుకుంటాను. మీరిచ్చిన గన్ను ఇక్కడ మనవాళ్ళ బోండాల బండి మీద పెడుతున్నాను. దాంతో కాల్చమన్న మనిషిని నేను కాల్చను. చెంచా మాత్రం ఉంచుకుంటున్నాను."

ఫోన్ కట్టేసి కారు తలుపు తీసేసరికి వెనకసీట్లో పుల్లమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో క్యారేజీ, పక్కన ఎండుచేపల తట్ట.

"నేనూ వస్తా. దిగమంటే దిగను," అంది.

ఎండుచేపల వాసనతో ఏసీ వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. బ్రహ్మాజీ అద్దాలు దించి బండి పోనిచ్చాడు. దారిలో మీసం మార్చాడు, కళ్ళజోడు పెట్టాడు, మెళ్ళో ఒక ఐడీ కార్డు వేసుకున్నాడు. తర్వాత మెరైన్ పోలీసులకి ఫోన్ కొట్టాడు. విదేశీ గూఢచారులు అని చెబితే వాళ్ళు పైనుంచి పర్మిషన్ తెచ్చుకోవాలి, అది వచ్చేసరికి ఓడ అండమాన్ దాటుతుంది. అందుకని ఒక్కటే మాట చెప్పాడు. "నిషేధంలో వేట. రేపల్లె, ముత్యాల రెస్టారెంట్." అవతలివాళ్ళు ఇంకేమీ అడగలేదు, వస్తున్నామన్నారు.

*

రేపల్లెలో ముత్యాల రెస్టారెంట్ మేడ మీద ఉంది. మెట్లెక్కగానే గాజుపెట్టెలో ఐసు, ఐసు మీద చేపలు. అన్నిటికీ మధ్య ఒక పెద్ద వంజరం.

కిటికీ పక్క బల్ల దగ్గర బర్నబాస్, ఆయన భార్య సామ్రాజ్యం కూర్చున్నారు. ఆవిడ ఓడ కోసం కొత్త చీర కట్టుకుంది. ఓడ తిండి మీద నమ్మకం లేక కొత్తావకాయ సీసా సంచిలో పెట్టుకుంది. వాళ్ళ వెనక, తెల్లచొక్కా మీద బ్లూ లాంటర్న్ బ్యాడ్జీతో ఒక పొడుగాటి విదేశీయుడు నవ్వుతూ నిలబడ్డాడు. పేరు కెల్విన్. ఓడలో హాస్పిటాలిటీ మేనేజరు, ఓడ బయట కోరల్‌కి ఈ తీరం మొత్తానికి అధిపతి. తెలుగు యాప్‌లో నేర్చుకున్నాడు.

"దయచేసి భుజించండి," అన్నాడు కెల్విన్. "వంజరము. నేటి ఉదయమున పట్టినది."

"ఇవాళ్టిదెక్కడిది నాయనా, ఫ్రిజ్‌లోదయ్యుంటుంది," అంది సామ్రాజ్యం. "పోనీలే. ఏవండీ, ప్రార్థన చెయ్యండి."

బర్నబాస్ కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. ఆయన లూథరన్ చర్చిలో పెద్ద. ఆ సంఘంలో ఎవరింట భోజనానికి వెళ్ళినా ప్రార్థన ఆయనదే. ఆయన ప్రార్థన మొదలుపెట్టాక వేడి అన్నం చల్లారిపోతుందని అందరికీ తెలుసు. కెల్విన్‌కి తెలియదు.

పక్కబల్ల దగ్గర మనీషా ఉంది. ఎర్రచీర, చేతిలో సెల్ఫీస్టిక్, లైవ్ నడుస్తోంది. ఆమె పక్కకుర్చీలో కెల్విన్ మనిషి ఒకడు ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. నాలుగు నెలలుగా వాడు ఆమెని వదల్లేదు. ఆమె ఫోన్ చేస్తే పక్కన వాడు, తలుపు తీస్తే ఎదుట వాడు. చెప్పాలనుకున్నది లోకం మొత్తానికి చెప్పడం తప్ప వేరే దారి లేకపోయింది.

"తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించుము," అంటున్నాడు బర్నబాస్. "వండిన చేతులను దీవించుము. వడ్డించిన ఈ విదేశీ సహోదరుని దీవించుము."

కెల్విన్ నవ్వుతూ తలూపాడు.

పుల్లమ్మని కారులోనే ఉండమని చెప్పి బ్రహ్మాజీ మెట్లెక్కి లోపలికొచ్చాడు. మనీషా కళ్ళు ఒక్కసారి అతని మీద ఆగాయి. మీసం మారినా ఆ నడక ఆమెకి తెలుసు. వెయిటర్ని పిలిచి గట్టిగా అడిగింది.

"దిబ్బరొట్టెలోకి చెరుకుపానకం ఉందా?"

వెయిటర్ బిత్తరపోయాడు. "మేడమ్, ఇది సీ ఫుడ్ హోటలండి."

"పానకం నిన్నటితో అయిపోయిందండి," వెనక నుంచి బ్రహ్మాజీ అన్నాడు. "అల్లం పచ్చడితో సర్దుకోండి."

మనీషా వెంటనే కెమెరా వైపు తిరిగి నవ్వేసింది. "ఫ్రెండ్స్, రొయ్యల ఇగురు తిన్నాను, సూపర్. పీతల పులుసు తిన్నాను, అదీ సూపర్. వంజరం మాత్రం నేను ముట్టుకోలేదు."

అంతకంటే ఏం చెబుతుంది? మందు ఎందులో ఉందో బ్రహ్మాజీకి తెలిసిపోయింది.

"...మా ఓడ కెప్టెన్‌ని కాపాడుము. మా చర్చి పైకప్పు పని పూర్తి చేయించుము. సకాలమున వర్షములు కురిపించుము..."

కెల్విన్ వాచీ చూసుకున్నాడు. బ్రహ్మాజీ ఐడీ కార్డు పైకెత్తాడు. "ఫిషరీస్ ఇన్‌స్పెక్షన్. ఎవరూ కదలకండి. వేట నిషేధంలో వంజరం అమ్ముతున్నారని కంప్లయింటు."

"అది శీతల గిడ్డంగి నుండి వచ్చినది," కెల్విన్ ముందుకొచ్చాడు.

"ఇప్పుడే కదండీ నేటి ఉదయమున అన్నారు?"

"వ్యాపార నిమిత్తము అట్లు పలుకుదుము."

బ్రహ్మాజీ గాజుపెట్టె తెరిచి జేబులోంచి ఢిల్లీవారి చెంచా తీశాడు. దాని కాడతో వంజరం చెంపని పైకెత్తాడు. లోపల మొప్పలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఫ్రిజ్‌లో వారం ఉన్న చేపకి ఆ ఎరుపు ఉండదు. రెండేళ్ళలో కోట్లు పోసి చేసిన చెంచాకి అదొక్కటే పనికొచ్చిన పని.

"తాజాది," అన్నాడు. "అంటే మీ బోటు ఇవాళ నడిసముద్రంలోకి వెళ్ళొచ్చింది. ఎవర్ని కలవడానికి వెళ్ళింది?"

కెల్విన్ నవ్వు సగంలో ఆగింది. వాడు తెలివైనవాడే. నడిసముద్రంలో ఆగిన కోరల్ వాళ్ళ పెద్ద ఓడతో మాట్లాడి వచ్చే బోటు ఖాళీగా తిరిగొస్తే అనుమానిస్తారని, వచ్చేటప్పుడు వలేసి నాలుగు చేపలు తెమ్మన్నాడు. ప్రపంచంలో ఎక్కడైనా చేపలున్న బోటుని ఎవరూ పట్టించుకోరు. మే నెలలో మన తీరంలో తప్ప. హోటలు ఓనరు రోజూ వచ్చే ఆ చేపల్ని పారెయ్యబుద్ధిగాక గాజుపెట్టెలో పెట్టాడు. అక్కడ మనీషా కంట పడింది.

"జరిమానా చెల్లించెదను," అన్నాడు కెల్విన్. "అతిథులను భుజింపనిండు."

"ఆమేన్," అన్నాడు బర్నబాస్. ఆకలి మీదున్న మనిషి కళ్ళు తెరుస్తూనే వంజరం ముక్క తుంచి నోటి దాకా తెచ్చాడు.

బ్రహ్మాజీ రెండంగల్లో వెళ్ళి ఆ మణికట్టు పట్టుకున్నాడు. ముక్క పెదవికి వేలెడు దూరంలో ఆగింది. "క్షమించండి సార్. ఇది సాక్ష్యం."

"నా నోటి దగ్గర ముద్ద లాగుతావేంటయ్యా," బర్నబాస్ మండిపడ్డాడు.

కెల్విన్ చేతిరుమాలు కింద నుంచి పిస్తోలు బయటికొచ్చింది. అది బ్రహ్మాజీ వైపు కాదు, మనీషా వైపు తిరిగింది. వాడికిప్పుడు అంతా అర్థమైంది.

"కెమెరా ఆపుము," అన్నాడు.

"ఆపను," అంది మనీషా. "నాలుగు నెలలు నువ్వు చెప్పినట్టు నవ్వాను. ఇంక నవ్వను. ఫ్రెండ్స్, బాగా చూడండి, వంజరం పట్టించింది వీడే. మొహం గుర్తుపెట్టుకోండి."

సెల్ఫీస్టిక్ వాడి మొహం మీదికి తిప్పింది. లైటు కళ్ళలో కొట్టింది. అదే క్షణంలో బ్రహ్మాజీ వెనక్కి దూకి గాజుపెట్టెలోని ఐసు ట్రేని నేల మీదికి లాగేశాడు. కెల్విన్ అడుగు ఐసు మీద పడింది. పిస్తోలు పైకప్పులోకి పేలింది, మనిషి వెల్లకిలా పడ్డాడు, వాడి గుండెల మీద వంజరం పడింది. రెండోవాడు మనీషా జుట్టు పట్టుకోబోయాడు. సామ్రాజ్యం కొత్తావకాయ సీసా ఎత్తి వాడి నెత్తిన కొట్టింది. "ఆడపిల్ల మీద చెయ్యేస్తావురా," అంది. కారం కళ్ళలో పడి వాడు కుయ్యోమంటూ కూలబడ్డాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మెరైన్ పోలీసులు వచ్చారు.

*

చీకటి పడకముందే బ్లూ లాంటర్న్‌ని హార్బర్‌లో ఆపేశారు. అంబులెన్స్ బోటు దొరికింది. అందులో పెద్ద ఓడతో మాట్లాడే రేడియో, బర్నబాస్ కొలతలకి కుట్టించిన లైఫ్ జాకెట్, తడి ఆరని వల దొరికాయి. ప్లేటులోని వంజరం ముక్కలో మందు తేలడానికి ల్యాబ్‌కి రెండు రోజులు పడుతుంది. వల మీద కేసుకి అంతసేపు అక్కర్లేదు.

"ఏమని బుక్ చేశారు?" ఫోన్లో రంగనాయకులు అడిగాడు. గొంతు మెత్తబడింది.

"ప్రస్తుతానికి వేట నిషేధం ఉల్లంఘన సార్. కెల్విన్ గారు చాలా అవమానపడుతున్నారు. తనని గూఢచారిగా అరెస్టు చెయ్యమని అడుగుతున్నారు."

"మనీషాకి నా తరఫున..."

"మీరే చెప్పండి సార్. ఆమెని కాల్చమన్నది మీరు."

హార్బర్ గట్టు మీద బర్నబాస్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ప్రాణం దక్కిందన్న సంతోషం కంటే భార్యకిచ్చిన మాట పోయిందన్న బాధే ఎక్కువగా ఉంది. "వచ్చే ఏడు ఇంకో ఓడ చూస్తాను," అన్నాడు మొండిగా. "ఎవడు ఆపుతాడో చూస్తాను."

"ముందు అన్నం చూడండి," అంది సామ్రాజ్యం.

అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. పొద్దుట్నించి ఎవరూ సరిగా తినలేదు. ముత్యాల రెస్టారెంట్‌లో ఉన్న తిండంతా సాక్ష్యం కింద సీలు వేసి పట్టుకుపోయారు.

పుల్లమ్మ గట్టు మీద క్యారేజీ విప్పింది. అన్నం, ఎండుచేపలు వేసిన వంకాయ కూర. మనీషా వచ్చి ఎర్రచీరతోనే తల్లి పక్కన కింద కూర్చుంది. పుల్లమ్మ కూతురి మొహం చూడలేదు. ముద్ద కలిపి నోటికి అందించింది.

"ఉందంటే ఉందన్నాను," అంది. "ఒక్కడూ నమ్మలేదు." ఆ తర్వాత ఏడ్చింది. మనీషా కూడా ఏడ్చింది. బ్రహ్మాజీ సముద్రం వైపు తిరిగాడు.

చీఫ్ ఫోన్ లైన్లోనే ఉన్నాడు. "ఇంతకీ బ్రహ్మాజీ, రిపోర్టులో రాయాలి. క్రూయిజ్ ఎక్కేముందు ఎక్కడ తినాలని తేలింది?"

బ్రహ్మాజీ ఫోన్ మనీషా ముందు పెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, నోట్లో ముద్ద మింగి చెప్పింది.

"జూన్ పదిహేను దాకా మా అమ్మ దగ్గర సార్. ఆ చెంచా మాత్రం తీసుకురావద్దు, వంకాయలో చింతపండు వేసింది."